నైడార్ఫా, డ్రాగనా, స్వెష్నికోవా, వినవెరా? 1.ఈ4 మీద పదునైన డిఫెన్స్ ఎంచుకోవడం ఎలా

చదరంగంలో నల్ల పావులతో కూర్చున్న ప్రతిసారీ డ్రా దొరికితే చాలనుకోవడం ఇష్టం లేనివాళ్లు ఏదో ఒక రోజు పదునైన డిఫెన్స్ కోసం వెతుకుతారు. తెల్ల రాజు ముందరి బంటును రెండు గడులు తోసే 1.ఈ4కు నల్ల ఇచ్చే జవాబుల్లో నైడార్ఫ్, డ్రాగన్, స్వెష్నికోవ్, వినవెర్ అలాంటివే. చిక్కు అక్కడే మొదలవుతుంది. వీడియోల్లో చూస్తే అన్నీ బాగుంటాయి. ఇంజిన్‌ని, అంటే చెస్ ఆడే కంప్యూటర్ ప్రోగ్రామ్‌ని అడిగితే అన్నిట్లోనూ తెల్లకు కాస్త మొగ్గు, అంతే అంటుంది. టోర్నమెంట్ హాల్లో మాత్రం ఒక్కోటి ఒక్కో రకం మనిషిని అడుగుతుంది. కాబట్టి ఏది గొప్పదన్న వాదన పక్కన పెట్టి ఒక ప్రశ్న వేసుకోండి: కంఠస్థం చేసిన ఎత్తులు అయిపోయాక, ఆ తర్వాతి ఎత్తును మీరు సొంత బుర్రతో ఆడగలరా?

ఇక్కడ పావుల పేర్లు హాల్లో పిలుచుకునేట్టే నైట్, బిషప్, రూక్, క్వీన్ అని రాస్తున్నాం. ముందు పావు పేరు లేకుండా గడి మాత్రమే ఉంటే అది బంటు ఎత్తు. × అంటే కొట్టడం. నంబర్ తర్వాత మూడు చుక్కలుంటే అది నల్ల ఎత్తు. నైట్ జీఈ7 అంటే జీ ఫైల్లో (నిలువు వరసలో) ఉన్న నైట్ ఈ7కి వెళ్లడం. ? తప్పు ఎత్తు, ?? ఘోరమైన తప్పు, ! మంచి ఎత్తు.

ముందు కొలతలు

మొదటిది, మీరు చదివింది బోర్డు మీదకు ఎంత తరచుగా వస్తుందన్నది. దీన్ని చాలామంది లెక్కలోకే తీసుకోరు. మూడు నెలలు డ్రాగన్ చదివి వెళ్తే, అయిదు గేముల్లో నలుగురు డ్రాగన్‌ను రానివ్వని 2.సీ3 ఆడితే ఆ చదువంతా సంచిలోనే ఉండిపోతుంది.

రెండోది జ్ఞాపకం మీద పడే బరువు. ఎన్ని ఎత్తులు గుర్తుండాలి అన్నదానికంటే, మళ్లీ చూసుకోకపోతే ఎంత త్వరగా మరిచిపోతారన్నది ముఖ్యం.

మూడోది ఒక్క తప్పు ఖరీదు. కొన్ని పొజిషన్లలో ఎత్తుల వరస తారుమారైతే కొంచెం ఇబ్బంది, అంతే. కొన్నిట్లో 20వ ఎత్తుకే చేయి కలిపి లేవాలి.

నాలుగోది థియరీ, అంటే ముందే చదివిన ఎత్తులు, అయ్యాక దారి కనపడుతుందా అన్నది. అయిదోది గడియారం. మన రేటింగ్ టోర్నమెంట్లలో తరచుగా కనిపించేది 90 నిమిషాలు, ఎత్తుకు 30 సెకన్లు, రోజుకు రెండు రౌండ్లు. పొద్దున నాలుగు గంటలు లెక్కలు కట్టినవాడు మధ్యాహ్నం మళ్లీ అంత పదునుగా ఉండడు.

సిసిలియన్ అయితే ముందు కట్టాల్సిన పన్ను

నాలుగింటిలో మూడు సిసిలియన్లే: 1.ఈ4 సీ5. అవి రావాలంటే తెల్ల 2.నైట్ ఎఫ్3 ఆడి, 3.డీ4 తోసి, ఓపెన్ సిసిలియన్‌లోకి దిగాలి. దిగకపోతే మీ చేతుల్లో ఏమీ లేదు. 2018లో లండన్ ప్రపంచ చాంపియన్‌షిప్‌లో కరువానా తెల్ల పావులతో ఆడిన ఆరు క్లాసికల్ గేముల్లోనూ కార్ల్‌సన్ సిసిలియనే ఆడాడు. 1, 3, 5 గేముల్లో కరువానా 3.బిషప్ బీ5తో రోసోలిమోకి తిప్పాడు, 8, 10, 12 గేముల్లోనే అసలు స్వెష్నికోవ్ బోర్డు మీదకొచ్చింది. ఆ స్థాయిలోనే సగం గేములు పక్కదారి పడితే, 1500 రేటింగ్ బోర్డుల మీద చెప్పేదేముంది.

ఈ పన్నును కాస్త తగ్గించుకోవచ్చు. 2.సీ3 అలపిన్‌కు 2...నైట్ ఎఫ్6 3.ఈ5 నైట్ డీ5 నేర్చుకోండి. స్మిత్-మోరా గాంబిట్‌లో, అంటే 2.డీ4 సీ×డీ4 3.సీ3 వచ్చినప్పుడు బంటు కొట్టకుండా 3...నైట్ ఎఫ్6 4.ఈ5 నైట్ డీ5 ఆడితే అదే అలపిన్ పొజిషన్లోకి వస్తారు. ఒక్క చదువుతో రెండు పనులు. 2.నైట్ సీ3 తర్వాత ఎఫ్4తో వచ్చే గ్రాండ్ ప్రీ దాడికి జీ6, బిషప్ జీ7, ఈ6, నైట్ జీఈ7 అమరిక చాలావరకు సరిపోతుంది. రెండో ఎత్తుగా డీ6 ఆడేవాళ్లకు 3.బిషప్ బీ5 చెక్, నైట్ సీ6 ఆడేవాళ్లకు రోసోలిమో. ఇవి ఎలాగూ తప్పవు. చెక్‌కు 3...బిషప్ డీ7 క్షేమం, కానీ చప్పటి ఆట. గెలిచి తీరాల్సిన రౌండ్లో 3...నైట్ డీ7 మేలు.

నైడార్ఫ్

1.ఈ4 సీ5 2.నైట్ ఎఫ్3 డీ6 3.డీ4 సీ×డీ4 4.నైట్×డీ4 నైట్ ఎఫ్6 5.నైట్ సీ3 ఏ6.

పోలండ్‌లో పుట్టి, 1939లో ఒలింపియాడ్‌కు బ్యూనస్ ఎయిర్స్ వెళ్లి యుద్ధం వల్ల అక్కడే స్థిరపడిన మిగెల్ నైడార్ఫ్ పేరు దీనిది. ప్రపంచ చాంపియన్లు ఫిషర్, కాస్పరోవ్‌ల ఆయుధం. ఆ ఏ6 చూడ్డానికి బద్ధకపు ఎత్తులా ఉంటుంది గానీ బీ5 గడిని బిషప్‌కూ నైట్‌కూ మూసేస్తుంది. అప్పుడే నల్ల ధైర్యంగా ఈ5 తోయగలదు.

కష్టం ఆరో ఎత్తు దగ్గర. బిషప్ జీ5, బిషప్ ఈ3, బిషప్ ఈ2, బిషప్ సీ4, ఎఫ్3, ఎఫ్4, జీ3, హెచ్3, ఏ4, రూక్ జీ1... తెల్లకు పదికి పైగా దారులు, దేన్నీ తేలిగ్గా తీసుకోవడానికి లేదు. చేతిలో ఉంచుకోవాల్సిన గుర్తు: 6.బిషప్ ఈ3, 6.బిషప్ ఈ2 వస్తే ఈ5 ఆడొచ్చు. 6.బిషప్ జీ5, 6.బిషప్ సీ4 వస్తే ఈ6. ఎందుకంటే 6.బిషప్ జీ5 ఈ5? ఆడితే 7.బిషప్×ఎఫ్6 క్వీన్×ఎఫ్6 8.నైట్ డీ5, ఇక ఆ గడి తెల్ల నైట్‌ది. 6.బిషప్ సీ4కి ఈ5 ఆడితే ఎఫ్7 మీద గురిపెట్టిన బిషప్‌కు మీరే దారి తెరిచినట్టు.

6.బిషప్ జీ5 ఈ6 7.ఎఫ్4 క్వీన్ బీ6 8.క్వీన్ డీ2 క్వీన్×బీ2 అనేది విషపు బంటు వేరియేషన్. 1972లో రెక్యావిక్ ప్రపంచ చాంపియన్‌షిప్ 11వ గేములో ఫిషర్ ఆ బంటు తిన్నాడు. స్పాస్కీ 9.నైట్ బీ3 ఆడి, 14వ ఎత్తులో నైట్‌ను వెనక్కి బీ1కి లాగాడు. వెనకడుగులా కనిపించే ఆ ఎత్తుతో నల్ల క్వీన్‌కు దారులు మూసుకుపోయాయి, ఆ గేము ఫిషర్ ఓడిపోయాడు. ఈ లైన్లో ఇవాళ ఇంకో చిక్కుంది. 9.రూక్ బీ1 క్వీన్ ఏ3 తర్వాత చాలా దారులు బలవంతపు డ్రాలోకి పోతాయి. గెలుపు కోసం ఎంచుకున్న డిఫెన్స్‌లో, ఇంట్లో చదువుకొచ్చిన తెల్ల ఆటగాడు అర గంటలో అర పాయింటు పట్టుకుపోతాడు. అది వద్దనుకుంటే 6...నైట్ బీడీ7 ఉంది.

నైడార్ఫ్ ఎవరికి? వారానికి కనీసం అయిదారు గంటలు ఓపెనింగ్ మీదే పెట్టగలిగి, ఆడిన ప్రతి గేమునూ ఇంటికొచ్చి ఫైల్లో చేర్చుకునే అలవాటున్నవాళ్లకు. లేనివాళ్లకు ఇది గొప్పవాళ్ల చొక్కా వేసుకున్నట్టే ఉంటుంది, చేతులు పొడుగైపోతాయి.

డ్రాగన్

నైడార్ఫ్ ఎత్తులే, అయిదో ఎత్తుగా ఏ6 బదులు 5...జీ6. బిషప్ జీ7కు వెళ్లి ఏ1–హెచ్8 కర్ణం మొత్తాన్ని ఏలుతుంది.

డ్రాగన్‌లో మొదట నేర్చుకోవాల్సింది ఆడకూడని ఎత్తు. 6.బిషప్ ఈ3 చూడగానే నైట్ జీ4తో బిషప్ మీదకు పోవాలనిపిస్తుంది. 6...నైట్ జీ4?? 7.బిషప్ బీ5 చెక్! బిషప్ డీ7తో అడ్డం పెడితే 8.క్వీన్×జీ4. డీ7 బిషప్ రాజుకు పిన్ అయి ఉంది (కదిలితే రాజుకు చెక్), క్వీన్‌ని కొట్టలేదు. ఉత్త నైట్ పోయింది. నైట్ సీ6తో ఆపితే 8.నైట్×సీ6 బీ×సీ6 9.బిషప్×సీ6 చెక్, మూలనున్న రూక్‌కు ముప్పు. ఇదే ఎత్తు నైడార్ఫ్‌లో మంచిదే: 6.బిషప్ ఈ3 నైట్ జీ4 7.బిషప్ జీ5 హెచ్6 8.బిషప్ హెచ్4 జీ5 కాస్పరోవ్ చాలాసార్లు ఆడాడు. తేడా అంతా ఆ ఏ6 బంటుదే. రెండూ కలిపి చదివి గందరగోళపడేవాళ్లు ఇక్కడే పడతారు.

అసలు పోరు యుగొస్లావ్ దాడిలో: 6.బిషప్ ఈ3 బిషప్ జీ7 7.ఎఫ్3, నల్ల కాస్లింగ్, 8.క్వీన్ డీ2 నైట్ సీ6. ఇప్పుడు తెల్ల వెంటనే లాంగ్ కాస్లింగ్ (క్వీన్ వైపు కాస్లింగ్) చేస్తే 9...డీ5 అని మధ్యలో పేల్చేయొచ్చు. అందుకే 9.బిషప్ సీ4 బిషప్ డీ7 10.లాంగ్ కాస్లింగ్ రూక్ సీ8 11.బిషప్ బీ3 నైట్ ఈ5 12.హెచ్4.

ఇక్కడ తెల్ల ప్లాన్ పిల్లలకు కూడా తెలుసు. హెచ్5 తోసి ఫైల్ తెరవాలి, బిషప్ హెచ్6తో జీ7 బిషప్‌ని మార్చుకోవాలి, నైట్ డీ5తో ఎఫ్6 నైట్‌ను లేపేయాలి, ఎందుకంటే హెచ్7కి కాపలా అదే. తర్వాత క్వీన్ హెచ్6, మేట్. నల్ల జవాబు దీన్నిబట్టే పుట్టింది. డీ5కి వెళ్లాల్సిన నైట్ ఇప్పుడు సీ3లో ఉంది కదా, సీ8 రూక్ దాన్నే కొట్టేస్తుంది. రూక్×సీ3, బీ×సీ3. రూక్ ఇచ్చి నైట్ తీసుకున్నారు. కానీ తెల్ల రాజు ముందున్న బంట్లు చీలిపోయాయి, దాడికి రావాల్సిన నైట్ లేదు, సీ ఫైల్లోనూ కర్ణం మీదా నల్ల పావులు లోపలికి దూరతాయి. ఈ త్యాగం ఎప్పుడు నిలుస్తుంది, ఎప్పుడు నిలవదు అన్నదే డ్రాగన్ ఆటగాడి అసలు చదువు. తెల్ల తెరిచిన హెచ్ ఫైల్లో అప్పటికే రూక్, క్వీన్ రెండూ చేరిపోయి ఉంటే త్యాగం ఆలస్యమైనట్టే.

1974లో ప్రపంచ చాంపియన్‌కు పోటీదారును తేల్చే క్యాండిడేట్స్ ఫైనల్ రెండో గేములో కార్పోవ్, కోర్చ్‌నోయ్ మీద ఈ కిటుకును ఎండగట్టాడు. హెచ్ బంటు త్యాగం చేసి ఫైల్ తెరిచాక, దాడి కొనసాగించే బదులు 16వ ఎత్తులో నైట్‌ను డీ4 నుంచి ఈ2కి జరిపాడు. సీ3కి ఇంకో కాపలా పడింది. ఇక రూక్×సీ3 కొడితే నైట్‌తోనే తిరిగి కొడతారు, బంట్లు చీలవు. 27 ఎత్తుల్లో గేము అయిపోయింది. అలాగని డ్రాగన్ చచ్చిందనుకోవద్దు. 1995లో న్యూయార్క్ ప్రపంచ చాంపియన్‌షిప్‌లో కాస్పరోవ్ దీన్ని బయటికి తీసి, 11, 13 గేములు రెంటిలోనూ ఆనంద్ మీద నల్ల పావులతో గెలిచాడు.

12.హెచ్4కు సోల్టిస్ వేరియేషన్ 12...హెచ్5 నమ్మదగ్గ జవాబు. బంటు దూకుడును అక్కడే ఆపి, 13.బిషప్ జీ5 రూక్ సీ5తో నిలబడతారు. తెల్ల 12.రాజు బీ1 ఆడితే మాత్రం విడిగా చదువుకోవాలి. దాన్ని 'ఏముందిలే, ఖాళీ ఎత్తే' అనుకుంటే చిక్కే.

యుగొస్లావ్ చూసి భయపడి యాక్సిలరేటెడ్ డ్రాగన్ (2...నైట్ సీ6, 4...జీ6) పట్టేవాళ్లున్నారు. దాడి తప్పుతుంది నిజమే, కానీ 5.సీ4తో తెల్ల మీ గొంతు నెమ్మదిగా నొక్కుతుంది. పదును కోసం వచ్చినవాళ్లకు అది పొరపాటు బేరం.

స్వెష్నికోవ్

1.ఈ4 సీ5 2.నైట్ ఎఫ్3 నైట్ సీ6 3.డీ4 సీ×డీ4 4.నైట్×డీ4 నైట్ ఎఫ్6 5.నైట్ సీ3 ఈ5 6.నైట్ డీబీ5 డీ6 7.బిషప్ జీ5 ఏ6 8.నైట్ ఏ3 బీ5.

చూడగానే తప్పులా కనిపిస్తుంది. డీ5 గడిని మీ అంతట మీరే రాసిచ్చేశారు, డీ6 బంటు వెనకబడింది. బదులుగా వచ్చింది: అంచున ఏ3లో ఇరుక్కున్న తెల్ల నైట్, బీ4 తోస్తే రెండు నైట్ల మీద ఒకేసారి ముప్పు. 9.బిషప్×ఎఫ్6 జీ×ఎఫ్6 10.నైట్ డీ5 అయితే నల్లకు బిషప్‌ల జంట, ఎఫ్5తో మధ్యలో పేలుడు. ఆరో ఎత్తులో డీ6 మరిచి ముందే ఏ6 ఆడితే 7.నైట్ డీ6 చెక్ పడుతుంది. బిషప్‌తో కొట్టక తప్పదు, 8.క్వీన్×డీ6తో నల్ల గడులు గాలికి పోతాయి.

నైడార్ఫ్‌తో పోలిస్తే ఇక్కడ గొప్ప లాభం, లైన్లు తక్కువ, బలవంతంగా సాగుతాయి. చదవాల్సింది ముఖ్యంగా మూడు: 9.బిషప్×ఎఫ్6, 9.నైట్ డీ5, ఇంకా ముందే 7.నైట్ డీ5. కానీ 9.నైట్ డీ5 బిషప్ ఈ7 10.బిషప్×ఎఫ్6 బిషప్×ఎఫ్6 11.సీ3 దారిలో ఆట పదును తగ్గిపోతుంది. అరవై ఎత్తులు ఓపికగా పావులు తిప్పే మనసుండాలి. డీ5లో కూర్చున్న నైట్‌ని చూస్తే చిరాకు పుట్టేవాళ్లకు ఇది పడదు.

వినవెర్

1.ఈ4 ఈ6 2.డీ4 డీ5 3.నైట్ సీ3 బిషప్ బీ4 4.ఈ5 సీ5 5.ఏ3 బిషప్×సీ3 చెక్ 6.బీ×సీ3 నైట్ ఈ7.

ఇది ఫ్రెంచ్. మీ మంచి బిషప్‌ని ఇచ్చేసి తెల్ల బంట్లను జంటగా విరిచారు. దానికి శిక్షగా 7.క్వీన్ జీ4 వస్తుంది, జీ7 మీద గురి. ముఖ్యంగా రెండు దారులు. ఒకటి, కాస్లింగ్ చేసి రాజు మీదకొచ్చే దాడిని ఎఫ్5, నైట్ సీ6లతో తట్టుకోవడం. రెండోది, పదునైనది: 7...క్వీన్ సీ7 8.క్వీన్×జీ7 రూక్ జీ8 9.క్వీన్×హెచ్7 సీ×డీ4 10.నైట్ ఈ2 నైట్ బీసీ6. రాజు వైపు రెండు బంట్లు ఇచ్చేసి, బిషప్ డీ7, లాంగ్ కాస్లింగ్‌తో మధ్యలో విరుచుకుపడతారు. తెల్ల హెచ్ బంటుకు ఇక అడ్డు లేదు. క్వీన్లు మారిపోతే ఆ బంటు ఒక్కటే గేము గెలిపిస్తుంది, కాబట్టి ఎండ్‌గేమ్‌లోకి తొందరపడొద్దు.

ఫ్రెంచ్ పన్ను మూడో ఎత్తులో ఉంది. 3.నైట్ డీ2 వస్తే బిషప్ బీ4కి అర్థమే లేదు, 3.ఈ5 వస్తే అడ్వాన్స్, 3.ఈ×డీ5 వస్తే ఇరువైపులా ఒకే బంట్లు. ఆ చివరిదానిలో గెలవాలంటే సమరూపాన్ని మీరే చెడగొట్టాలి: బిషప్ డీ6, నైట్ ఈ7, నైట్ సీ6, వీలైతే లాంగ్ కాస్లింగ్. బలమైన ఆటగాళ్లు ఫ్రెంచ్‌ను నమ్ముతూనే ఉన్నారు. గుంటూరు గ్రాండ్‌మాస్టర్ పెంటేల హరికృష్ణ ఎన్నో ఏళ్లుగా ఆడుతున్నారు. 2024 సింగపూర్ ప్రపంచ చాంపియన్‌షిప్ మొదటి గేములో డింగ్ లిరెన్ గుకేశ్ మీద నల్ల పావులతో గెలిచిందీ ఫ్రెంచ్‌తోనే, కాకపోతే అది 3...నైట్ ఎఫ్6 దారి.

పక్కపక్కన పెడితే

| | నైడార్ఫ్ | డ్రాగన్ | స్వెష్నికోవ్ | వినవెర్ |
|---|---|---|---|---|
| జ్ఞాపకం బరువు | చాలా ఎక్కువ | ఎక్కువ, కానీ ఒకే దిక్కు | మధ్యస్థం | మధ్యస్థం |
| ఒక్క తప్పు ఖరీదు | ఎక్కువ | మేట్ | ఎక్కువగా పొజిషన్ నష్టం | 7.క్వీన్ జీ4లో ఎక్కువ |
| థియరీ అయ్యాక దారి | అనుభవం కావాలి | స్పష్టం | ఎఫ్5, బిషప్‌లు | స్పష్టం |
| తెల్ల తప్పించుకునే చోటు | 2వ ఎత్తు, 3.బిషప్ బీ5 చెక్ | అదే | 2వ ఎత్తు, రోసోలిమో | 3వ ఎత్తు |
| గెలిచి తీరాల్సిన రౌండ్ | బాగుంటుంది | చాలా బాగుంటుంది | 9.నైట్ డీ5 వస్తే కష్టం | 3.ఈ×డీ5 వస్తే కష్టం |

ఎవరికి ఏది

1600 లోపు రేటింగ్, చదువుకు వారానికి రెండు గంటలకు మించి దొరకవు అంటే డ్రాగన్ పట్టండి. తప్పు ఖరీదు ఎక్కువే, కానీ ఎదుటివాడూ అంతే తప్పులు చేస్తాడు, ఇద్దరిలో ప్లాన్ స్పష్టంగా తెలిసింది మీకైతే చాలు. 1900 దాటాక లెక్క మారుతుంది. మీ గేములు డేటాబేస్‌లోకి ఎక్కుతాయి, ఎదుటివాళ్లు 12.రాజు బీ1 సిద్ధం చేసుకొచ్చి కూర్చుంటారు.

అమీర్‌పేట నుంచో విజయవాడ నుంచో రోజూ రెండు గంటలు బస్సులో తిరిగే ఉద్యోగస్తుడికి వినవెర్ నయం. చదివింది త్వరగా చెరిగిపోదు, బంట్ల అమరికే దారి చూపిస్తుంది. కోచ్ దగ్గర రోజూ కూర్చునే పదమూడేళ్ల పిల్లలకు నైడార్ఫ్ పెట్టించొచ్చు. ఈ వయసులో జ్ఞాపకం చవక. ఇప్పుడు కట్టిన పునాది పదేళ్లు నిలుస్తుంది. పొజిషన్ ఆట ఇష్టపడి, అప్పుడప్పుడూ నిప్పు కూడా కావాలనుకునేవాళ్లకు స్వెష్నికోవ్.

బ్లిట్జ్‌లో ఎక్కువ ఆడేవాళ్లు ఒక సంగతి గమనించాలి. 3 నిమిషాల ఆటలో డ్రాగన్ మీకు తెచ్చే పాయింట్లు, ఎదుటివాడికి ఆలోచించే టైం లేకపోవడం వల్ల వచ్చినవి. 90 నిమిషాల ఆటలో అదే శాతం ఆశించొద్దు.

డబ్బు కట్టి కోర్సు కొనే ముందు

రెండు డిఫెన్సులకు కుదించుకున్నాక ఒక్కోదానితో 15 నిమిషాలు, 10 సెకన్ల ఆటలు పది ఆడండి. బ్లిట్జ్ వద్దు. ప్రతి గేము అయ్యాక రెండే సంగతులు రాసుకోండి: మీకు తెలిసిన చివరి ఎత్తు నంబర్ ఎంత, దాని తర్వాతి మూడు ఎత్తులకు మీరు ఎన్ని నిమిషాలు తీసుకున్నారు. ఆ తర్వాతే ఇంజిన్ తెరవండి. మూడు ఎత్తులూ ఇంజిన్ మెచ్చినవి కానక్కర్లేదు. మీరెందుకు ఆడారో ఒక్క వాక్యంలో రాయగలిగితే చాలు. ఒకదానిలో అయిదు గేములకైనా ఆ వాక్యం దొరక్కపోతే అది వదిలేయండి, ఎంత ఇష్టమైనా సరే.

కొత్త డిఫెన్స్‌ను టోర్నమెంట్‌కు నెల ముందు మొదలుపెట్టొద్దు. పెట్టినా పాతది పారేయకండి. ఆరో రౌండ్ పెయిరింగ్ రాత్రి వచ్చి, ఎదుటివాడు మీ డ్రాగన్ గేములన్నీ తిరగేశాడని అనుమానం ఉంటే, పొద్దున 1...ఈ5 ఆడి ఆ ఒక్క రౌండూ గడుపుకోవడానికి అది పనికొస్తుంది.